అభినందన సంచిక తయారుచేద్దాం – మూడవ పాఠం: జ్ఞాపకాలను అడిగి తెచ్చుకోవడం

అభినందన సంచిక అంటే రిటైర్ అయ్యే తోటి ఉద్యోగికి, అందరి జ్ఞాపకాలూ కూర్చి ఇచ్చే పుస్తకం. మొదటి పాఠంలో ఆ పుస్తకం ఎవరి కోసమో, ఎందుకో తేల్చుకున్నాం. రెండవ పాఠంలో ఆరుగురితో చిన్న బృందం కట్టి, పనులు పంచుకుని, పదవీ విరమణ రోజు నుంచి వెనక్కి లెక్కవేసి పన్నెండు వారాల పట్టిక గీసుకున్నాం. అందులో ఐదు వారాలు ఈ మూడవ పాఠానికే పక్కన పెట్టమన్నాను. రాతలు సేకరించడానికి ఐదు వారాలెందుకు, అందరికీ ఒక సర్క్యులర్ పంపితే సరిపోదా అనిపించడం సహజం. సరిపోదని నేను నా మొదటి పుస్తకంతో తెలుసుకున్నాను.

పదిహేనేళ్ళ కిందటి మాట. విశాఖపట్నంలో నేను పనిచేసే చోట మా సెక్షన్ పెద్దాయన రిటైర్ అవుతున్నారు. “ఆయన గురించి మీ అభిప్రాయాన్ని ఒక పేజీకి మించకుండా రాసి ఇవ్వగలరు” అని కాగితం తిప్పాం. నలభై ఒక్క వ్యాసాలు వచ్చాయి. సగానికి పైగా వాటిలో ఆయన మృదుస్వభావి, అజాతశత్రువు, క్రమశిక్షణకు మారుపేరు. దాదాపు అన్నిటి చివరా ఆయురారోగ్య ఐశ్వర్యాలు. ఎవరూ మొక్కుబడిగా రాయలేదు, అందరికీ ఆయనంటే ప్రాణం. అట్ట మీద డాల్ఫిన్ నోస్ కొండ బొమ్మతో పుస్తకం ముచ్చటగా వచ్చింది, సభ బాగా జరిగింది. నెల తరవాత ఆయన ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన భార్య ఆ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. “అంతా చదివాను బాబూ. మా వారు అక్కడ రోజంతా ఏం చేసేవారో మాత్రం ఇందులో కనబడలేదు” అన్నారు. అందులో నిష్ఠూరం లేదు. ముప్పై నాలుగేళ్ళు పొద్దున్నే క్యారేజీ కట్టి పంపిన మనిషి, ఆ క్యారేజీ వెళ్ళిన చోటు ఎలా ఉండేదో చూడాలనుకున్నారు. మేము చూపించలేకపోయాం.

ఈ పాఠం ఆవిడను తలచుకుంటూ రాస్తున్నాను. మీరు కూడా మీ పుస్తకాన్ని చదివేవారిలో అలాంటి ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పని మొదలుపెట్టండి.

అడిగినదే వస్తుంది

లోపం రాసినవారిది కాదు, మేము అడిగిన తీరుది. అభిప్రాయం అడిగాం, అభిప్రాయమే ఇచ్చారు. “ఆయన ఎలాంటివారు?” అంటే ఎవరైనా విశేషణాల మూట విప్పుతారు. “ఆయనతో మీరు గడిపిన ఒక రోజు చెప్పండి” అంటే కాసేపు ఆలోచనలో పడతారు. ఆ ఆలోచన తరవాత వచ్చేదే పుస్తకానికి పనికివస్తుంది.

తరవాత నేను మరో రెండు పుస్తకాలకు పనిచేశాను. రెండవది హార్బరు వైపు ఒక ఓడల మరమ్మతు షెడ్డులో స్టోర్స్ చూసిన మేడమ్ గారి కోసం. ఇక ముందు ఉదాహరణలన్నీ ఆ పుస్తకం నుంచే తీసుకుంటాను, పేర్లు లేకుండా.

ఆ పుస్తకానికి మేము అందరినీ అడిగిన మొదటి ప్రశ్న: “ఆమెను మొదటిసారి చూసినప్పుడు ఆమె చేతిలో ఏముంది?” ప్రశ్న చిన్నదే కానీ జ్ఞాపకాన్ని గాలిలోంచి నేల మీదికి దించుతుంది. ఒకరు తాళాల గుత్తి అన్నారు. ఒకరు బిన్ కార్డు, అంటే ఏ అరలో ఏ సామాను ఎంత ఉందో రాసే కార్డు అన్నారు. ఒక వెల్డరు, “గ్లాసు, మజ్జిగ గ్లాసు. నాకే ఇచ్చారు, మే నెల అది” అన్నాడు. అక్కడి నుంచి కథ దానంతట అదే నడిచింది.

అన్నిటికంటే మంచి పంట పండించిన ప్రశ్న మాత్రం ఇది: “ఆమె సెలవులో ఉన్న రోజు మీ పని ఎక్కడ ఆగేది?” మనిషి లేనప్పుడు ఏర్పడే ఖాళీలోనే ఆ మనిషి ఆకారం తెలుస్తుంది. ఆమె లేని రోజు వాల్వులు దొరికేవట, వాటి కొలతకు సరిపడే గాస్కెట్, అంటే అతుకు దగ్గర కారకుండా వేసే బిళ్ళ, ఏ అరలో ఉందో ఎవరికీ తెలిసేది కాదట. ఆ అరల వరుసంతా ఆమె తలలో ఉండేదని, తనతోపాటు అది వెళ్ళిపోకూడదని చివరి ఏడాదిలో గోడంత పటం గీసి పెట్టారని నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు. ఆ పటమే మా పుస్తకంలో మధ్య రెండు పేజీలైంది.

కోపం గురించి కూడా అడగండి. “మీ మీద ఎప్పుడైనా కోప్పడ్డారా?” అనేసరికి ముందు తటపటాయిస్తారు, తరవాత నవ్వుతూ మొదలుపెడతారు. కోపం లేని మనిషి పుస్తకంలో బొమ్మలా ఉంటాడు. కోపం ఎందుకు వచ్చిందో చెబితే, ఆ మనిషి దేన్ని కాపాడుకుంటూ వచ్చాడో పాఠకుడికి తెలుస్తుంది.

విశాఖలో పనిచేసినవారిని గురించైతే ఇంకొక ప్రశ్న వదలకండి. హుద్‌హుద్. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆనాడు ఎక్కడున్నారో ఈ ఊళ్ళో పెద్దవాళ్ళెవరినడిగినా చెబుతారు. “తుపాను తరవాత ఆమెను మొదట ఎప్పుడు చూశారు?” అని అడిగాం. ఒక కాపలాదారు చెప్పాడు: మర్నాడు మల్కాపురం నుంచి, పడిపోయిన చెట్లు దాటుకుంటూ నడిచి వచ్చారట. స్టోర్స్ పైకప్పు రేకులు లేచిపోయి ఉన్నాయి. తడిసిన బిన్ కార్డులన్నీ తీసి, షెడ్డులో తాడు కట్టి, బట్టలారేసినట్టు ఆరేశారట. కరెంటు వచ్చేదాకా పిల్లల నోటు పుస్తకంలో ఇండెంట్లు, అంటే స్టోర్స్ నుంచి సామాను అడిగే చీటీలు, రాశారట. ఆ కార్డులలో ఒకటి ఇంకా ఉందని తెలిసి వెతికి పట్టుకున్నాం. నీటి మరక అంచున ఆమె అక్షరాలు. ఆ కార్డు ఫోటో ముందు ఏ ప్రశంసాపత్రమూ నిలవలేదు.

అలాగే ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ నడిచే బృందాలు చాలా ఆఫీసుల్లో ఉంటాయి. కొండ కింద తొలి మెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి ముప్పై రెండు కిలోమీటర్లు కలిసి నడిచినవారికి ఒకరి గురించి ఒకరికి సీటు దగ్గర తెలియని సంగతులు తెలుస్తాయి. వాళ్ళను తప్పక అడగండి.

ఎవరిని అడగాలి

పై అధికారులు ఎలాగూ రాస్తారు. వారి రాతలు ముందుపేజీల్లో వస్తాయి, మర్యాద కోసం అవి ఉండాలి. పుస్తకానికి ఊపిరి పోసేవారు వేరు. టీ తెచ్చే అబ్బాయి, గేటు దగ్గర కాపలాదారు, కాంట్రాక్టు ఖలాసీ, డ్రైవరు, బదిలీ అయి వెళ్ళిపోయినవారు, ఎప్పుడో ఒకప్పుడు గట్టిగా పోట్లాడి తరవాత కలిసిపోయినవారు. వీరిలో చాలామంది “నాకు రాయడం రాదండీ” అంటారు. అక్కడితో వదిలేస్తే పుస్తకం సగం పోయినట్టే. “రాయనక్కర్లేదు, చెప్పండి చాలు” అనాలి.

ఇద్దరు వెళ్ళండి. ఒకరు అడగాలి, ఒకరు రాసుకోవాలి. అనుమతి అడిగి ఫోనులో రికార్డు చేయండి. క్యాంటీన్‌లో కూర్చోకండి, గిన్నెల చప్పుడులో మాట వినబడదు, పక్కవారు వింటున్నారని మనిషి బిగుసుకుంటాడు. వారు పనిచేసే చోటే, షిఫ్టు అయ్యాక, ఇరవై నిమిషాలు చాలు. జవాబు ముగిసిందనిపించగానే తరవాతి ప్రశ్న వేయకండి. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి. మాట్లాడుతున్నవారు ఆ నిశ్శబ్దంలోనే అసలు సంగతి గుర్తుచేసుకుంటారు. మేము తొందరపడి పోగొట్టుకున్న కథలు ఎన్నో.

ఒక వాక్యం, ఒక రాత్రి

ఒక ఫిట్టరు మాకు రాసి ఇచ్చినది ఒకే వాక్యం: “మేడమ్ గారు క్రమశిక్షణకు మారుపేరు.” మళ్ళీ వెళ్ళి, “ఆ మాట ఎందుకు రాశారో చెప్పండి” అని అడిగాం. చెప్పినది ఇలా అచ్చువేశాం:

“రాత్రి పదకొండయింది. టగ్గు (ఓడలను లాగే పడవ) తెల్లారేసరికి బయలుదేరాలి, కూలింగ్ లైనులో గాస్కెట్ పోయింది. స్టోర్స్ మూసి ఉంది. భయపడుతూనే ఫోను చేశాను. అరగంటలో ఆటోలో వచ్చారు. షీటు కోసి ఇచ్చారు. నేను పరుగెత్తబోతే ఆపి ఇండెంటు రాయమన్నారు. రేపు రాస్తానన్నాను. ‘రేపటికి మీరూ మరచిపోతారు, నేనూ మరచిపోతాను. అరలో మాత్రం ఒకటి తక్కువే ఉంటుంది’ అన్నారు. చీకట్లో ఆవిడ టార్చి పట్టుకున్నారు, నేను రాశాను.”

ఇందులో క్రమశిక్షణ అనే మాట లేదు. అక్కర కూడా లేదు. టార్చి పట్టుకోవడంలో ఆమెకు పని మీద ఉన్న పట్టు ఎంతో, మనిషి మీద ఉన్న కనికరం అంత ఉంది. మీ బృందం చేతికి వచ్చే ప్రతి విశేషణాన్నీ ఇలాగే వెనక్కి తీసుకెళ్ళి, అది పుట్టిన రోజును అడగండి. పదింట నాలుగింటికైనా దొరుకుతుంది.

చెప్పినదాన్ని రాసేటప్పుడు భాషను అతిగా దిద్దకండి. పునరుక్తులు తీసేయండి, వాక్యం తెగిన చోట అతకండి, అంతవరకే. “వారు విధినిర్వహణలో నిబద్ధతను ప్రదర్శించెడివారు” అని ఫిట్టరు నోట పెడితే ఆ మనిషి అక్కడి నుంచి మాయమైపోతాడు. మన ఉత్తరాంధ్రకు ఇది కొత్త మాట కాదు. జనం మాట్లాడే తెలుగే రాతలో ఉండాలని జీవితమంతా పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి గారు 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోనే పుట్టారు. ఆయనకు డెబ్భై ఏళ్ళు నిండిన 1933లో పండితులు, అభిమానులు కలిసి వ్యాసాల సంపుటి ఒకటి సమర్పించారు. అభినందన సంచిక అనే ఈ పని మనకు అంతకాలంగా ఉంది. అది పండితుల పేరు మీదే జరగాలన్న నియమం లేదు. స్టోర్స్ మేడమ్ గారి పేరు మీద కూడా అంతే గౌరవంగా జరగాలి.

సరిచూసుకోవడం, దాచుకోవడం

జ్ఞాపకం సంఘటనను బాగా పట్టుకుంటుంది, ఏడాదిని జారవిడుస్తుంది. ఒకే సంఘటనకు ముగ్గురు మూడు సంవత్సరాలు చెబుతారు. అప్పుడు ఊరికి తెలిసిన గుర్తుల పక్కన పెట్టి చూడండి. ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసినది 1992. కురుసుర సబ్‌మెరీన్ ఆర్కే బీచ్‌లో మ్యూజియం అయినది 2002. అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష 2016 ఫిబ్రవరి. “అది సబ్‌మెరీన్ వచ్చాకా, రాకముందా?” అంటే చాలామంది తడుముకోకుండా చెబుతారు. అప్పటికీ తేలకపోతే ఏడాది వేయకుండా వదిలేయండి. తప్పు సంవత్సరం అచ్చయితే, ఆ పేజీ తెరిచినప్పుడల్లా ఆ మనిషి కన్ను అక్కడే పడుతుంది.

ఇక అన్నిటికంటే జాగ్రత్తగా ఉండవలసిన చోటు. మా సేకరణలో ఒకరు, తన కూతురి కాలేజీ ఫీజు మేడమ్ కట్టారని, ఎవరికీ చెప్పవద్దన్నారని కళ్ళు తుడుచుకుంటూ చెప్పారు. బృందంలో పెద్ద చర్చ జరిగింది. ఇంత గొప్ప సంగతి వదిలేస్తామా అని సగంమంది. ఆమె దాచమన్నదాన్ని ఆమె కోసం వేసే పుస్తకంలోనే బయటపెడతామా అని మిగిలిన సగం. నేను రెండవ పక్షం. చివరికి దాన్ని అచ్చువేయలేదు. చెప్పినవారే స్వయంగా ఉత్తరంగా రాసి, కవరులో పెట్టి అంటించి, ఆమె ప్రతిలో మాత్రమే చివరి అట్ట లోపల ఉంచాం. అది ఆమె ఎప్పుడు చదివారో, ఏమనుకున్నారో మాకు తెలియదు. మేము అడగలేదు.

జబ్బులు, అప్పులు, ఇంటి గొడవలు, పదోన్నతి రాకపోవడం వంటివి ఎంత సానుభూతితో చెప్పినా పుస్తకంలోకి రానివ్వకండి. రాసినదాన్ని అచ్చుకు ముందు చెప్పినవారికి చదివి వినిపించండి. “ఈ ముక్క తీసేయండి” అంటే కారణం అడగకుండా తీసేయండి.

ఫోటోల గురించి ఇప్పటికి రెండు మాటలు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపమనండి. ఐదు అంగుళాల వెడల్పున అచ్చు కావాలంటే ఫోటో వెడల్పు కనీసం పదిహేను వందల పిక్సెల్స్ ఉండాలి. సముద్రపు తేమకు పాత ఆల్బముల్లో ఫోటోలు ప్లాస్టిక్ కాగితానికి అతుక్కుపోయి ఉంటే పీకకండి, పేజీతో సహా స్కాన్ చేయండి. ఫోటోలో ఎవరెవరున్నారో వెనక మెత్తని పెన్సిల్‌తోనే రాయండి. రాతలన్నీ మొదటి నుంచీ యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనులోనైనా కంప్యూటరులోనైనా చదవగలిగే అక్షరాల్లో, టైపు చేయించండి. ఎందుకో, ప్రెస్‌వారితో పేజీలు పదహారు చొప్పున ఎలా లెక్కపెట్టుకోవాలో నాలుగవ పాఠంలో చూద్దాం.

అభ్యాసం

ఈ వారం పుస్తకం సంగతి కాసేపు పక్కన పెట్టి, మీ పక్క సీటులో పనిచేసేవారిని ఎంచుకోండి. వారికి తెలియనివ్వకండి. వారితో కలిసి పనిచేసే ముగ్గురిని – ఒకరు పై ఉద్యోగి, ఒకరు కింది ఉద్యోగి, ఒకరు వేరే సెక్షన్ మనిషి – విడివిడిగా కలిసి “వారు సెలవులో ఉన్న రోజు మీ పని ఎక్కడ ఆగుతుంది?” అని అడగండి. విన్నదాన్ని నూట యాభై మాటల్లో రాయండి. మంచి, గొప్ప, నిజాయితీ, క్రమశిక్షణ, మృదుస్వభావం అనే మాటలు వాడకూడదు. రాసినదాన్ని ఆ మనిషి పేరు చెప్పకుండా మీ బృందంలో ఒకరికి చదివి వినిపించండి. ఎవరి గురించో వారు పోల్చుకోగలిగితే నాలుగవ పాఠానికి రండి. పోల్చుకోలేకపోతే, ఆ ముగ్గురిలో ఎవరు ఎక్కువసేపు ఆలోచించి జవాబు చెప్పారో గుర్తుతెచ్చుకుని, వారి దగ్గరికే మళ్ళీ వెళ్ళండి.