గోల్కొండ ఎక్కే ముందు: ఇంటిల్లిపాదీ వెళ్లేవారికి జాగ్రత్తలు

• ఎండ ముదరకముందే గేటు దగ్గర ఉండండి. పైన బారాదరి అనే దర్బారు మండపం దాకా దాదాపు 360 రాతి మెట్లు, ఎత్తు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. జారే చెప్పులొద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి.

• మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ, తాతయ్యలను బలవంతంగా పైకి తీసుకెళ్లొద్దు. కింది ద్వారం కమాను కింద చప్పట్లు కొడితే పైకి వినిపిస్తుంది కదా, ఆ పని వాళ్లకు అప్పగించండి. పైన పిల్లలు చెవులు రిక్కించి వింటారు. నిజానికి కోటలో పిల్లలకు గుర్తుండేది ఇదే.

• గోడల అంచుకు అన్నిచోట్లా రెయిలింగ్ లేదు. సెల్ఫీ తీసుకునేటప్పుడూ చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు.

• మనిషికో నీళ్ల సీసా, టోపీ.

• చీకటి గదుల్లో గబ్బిలాలుంటాయి. భయపడే పిల్లలకు ముందే చెప్పండి.

• ఆషాఢంలో బోనాల కోసం కొండమీది జగదాంబిక గుడికి జనం పోటెత్తుతారు, ముఖ్యంగా ఆది, గురువారాల్లో. మొక్కు లేకపోతే ఆ రోజులు వదిలేయండి.

• సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో చూడాలంటే ఏ భాషలో, ఎన్నింటికో ముందే కనుక్కోండి. దోమల క్రీమ్ మాత్రం మరవొద్దు.

• కుతుబ్‌షాహీ సమాధులు దగ్గరే ఉన్నా, పిల్లలు అలిసిపోతే మరో రోజుకు పెట్టుకోండి.