సర్ఫ్ రాడ్ ఎన్ని అడుగులు ఉండాలి?

సర్ఫ్ రాడ్ అంటే ఒడ్డు నుంచి అలల్లోకి గాలం వేసే కర్ర. అది కొనాలనుకునేవాళ్ల చెయ్యి షాపులో ముందుగా పొడవాటి రాడ్ మీదకే పోతుంది. సముద్రం అంత పెద్దది, 14 అడుగులైనా లేకపోతే ఎలా అనిపిస్తుంది. ఇసుకలో నిలబడ్డాక ఆ లెక్క తరచూ తలకిందులవుతుంది. మీరు వంచలేని 14 అడుగుల రాడ్‌తో విసిరిన సీసం (లైన్ చివర కట్టే బరువు), పూర్తిగా వంచగలిగిన 11 అడుగుల రాడ్‌తో విసిరినదానికంటే దగ్గరే పడుతుంది. ఎంత బరువు విసురుతారు, అది ఎక్కడ పడాలి, మీ చేతులు ఎంతవరకు అందుతాయి అనేవి ముందు తేల్చుకోండి. పొడవు వాటి తర్వాత దానంతట అదే తేలుతుంది.

బరువుతో మొదలుపెడదాం. కృత్రిమ ఎరలు విసురుతూ, లాగుతూ ఉండే పద్ధతిలో సాధారణంగా 20 నుంచి 60 గ్రాములే విసరాలి. ఎర గుచ్చి నేల మీద ఉంచే పద్ధతికి, నీరు నెమ్మదిగా ఉన్న రోజున 85–115 గ్రాముల సీసం చాలు. ఒడ్డు పొడవునా పక్కకు ప్రవాహం లాగుతుంటే 140–170 గ్రాములు కావాలి, లేకపోతే సీసం దొర్లుకుంటూ పక్కవాళ్ల లైన్‌లో పడుతుంది. గుండ్రటి సీసం త్వరగా దొర్లుతుంది. పిరమిడ్ ఆకారంలోది ఇసుకలో కూరుకుంటుంది, తీగ కాళ్లున్నది అంతకన్నా బాగా పట్టుకుంటుంది. ఎర బరువును చాలామంది లెక్కలోకే తీసుకోరు. ఒక మాదిరి చేప ముక్క లేదా స్క్విడ్ 30–50 గ్రాములు తూగుతుంది. 125 గ్రాముల సీసానికి 40 గ్రాముల ఎర తోడైతే రాడ్ మోసేది 165 గ్రాములు.

ఆ మొత్తాన్ని పట్టుకుని, రాడ్ పిడికి పైన రాసి ఉండే అంకెలు చదవండి. 100–200 గ్రాములు అనో, 4–8 ఔన్సులు అనో ఉంటుంది. ఒక ఔన్సు అంటే సుమారు 28 గ్రాములు. పై అంకెకు మూడు వంతుల దగ్గర చాలా రాడ్లు హాయిగా పనిచేస్తాయి, అంటే 200 రాసి ఉన్నదానికి 150 దగ్గర. కింది అంకెకంటే తక్కువ వేస్తే రాడ్ వంగనే వంగదు, మీరు ఉత్త చేతులతో విసిరినట్టే. పై అంకె దాటితే కొన వెనకబడిపోతుంది, సీసం ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి పోతుంది, ఏదో ఒక రోజు రాడ్ విరుగుతుంది. ఒకే పొడవులో చాలా రకాల బరువులకు రాడ్లు దొరుకుతాయి కాబట్టి, ‘12 అడుగులది ఇవ్వండి’ అని మాత్రమే అడిగితే సగం విషయం చెప్పనట్టే.

ఇక దూరం. ఆటు సమయంలో, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడు, తీరాన్ని ఒకసారి చూసిరండి. అల ఒకచోట విరిగి, తర్వాత చదునై, ఒడ్డు దగ్గర మళ్లీ విరుగుతోందంటే మధ్యలో లోతైన కాలువ ఉన్నట్టు. నురగ తక్కువగా, కాస్త నల్లగా కనిపించే పట్టీ అదే. అల ఎక్కడ ముందుగా విరుగుతోందో అక్కడ కింద ఇసుక తిన్నె ఉంటుంది. చేపలు మేతకు ఈ కాలువలోకి వస్తాయి, అది చాలా తీరాల్లో 20–50 మీటర్ల లోపే ఉంటుంది. పొడవాటి రాడ్ కొన్నవాళ్లు చేసే మామూలు పొరపాటు, ఆ కాలువ మీదుగా విసిరి, ఎరను తిన్నె మీద మోకాలి లోతు నీళ్లలో పడెయ్యడం. దూరాన్ని కంటితో అంచనా కట్టకండి. లైన్ చుట్టే రీల్ పిడి ఒక్క తిప్పుకు ఎన్ని సెంటీమీటర్ల లైన్ చుట్టుకుంటుందో దాని పెట్టె మీద ఉంటుంది. అది 85 అయితే 60 తిప్పులంటే 51 మీటర్లు.

తీరం నిటారుగా దిగి, అలలు మీ కాళ్ల దగ్గరే విరిగే చోట 9–10 అడుగులు చాలు. ఎంతో దూరం పలచగా సాగి, మొదటి అల 80 మీటర్ల అవతల విరిగే చదును తీరంలో 12–13 అడుగులకు అర్థం ఉంది.

పొడవు వల్ల నిజంగా ఎంత కలిసొస్తుంది? అదే వేగంతో తిప్పగలిగితే 10 అడుగుల రాడ్ కంటే 12 అడుగుల దాని కొన ఐదో వంతు ఎక్కువ వేగంతో కదులుతుంది. ఆ ‘తిప్పగలిగితే’ దగ్గరే వస్తుంది చిక్కంతా. ఒకే మందం ఉన్న కర్రను తిప్పడానికి ఎదురయ్యే జడత్వం పొడవు ఘనాన్ని (పొడవు × పొడవు × పొడవు) బట్టి పెరుగుతుంది. పొడవు 1.2 రెట్లైతే ఎదురు సుమారు 1.7 రెట్లు. అసలు రాడ్లు కొనవైపు సన్నబడతాయి కాబట్టి అంత ఉండదు గానీ, దిశ మాత్రం అదే. పైగా గాలి కూడా పొడవాటి రాడ్‌ను ఎక్కువగా నెడుతుంది. బలమూ, సాధనా ఉన్నవాళ్లకు ఆ అదనపు వేగం దక్కుతుంది. మిగతావాళ్ల చేతులు నెమ్మదిస్తాయి, లాభం అక్కడే కరిగిపోతుంది.

పొడవు కావాలనడానికి దూరంకంటే గట్టి కారణం మరొకటి ఉంది: లైన్‌ను అలల మీదుగా ఉంచడం. విరిగే అల లైన్‌ను కొట్టిన ప్రతిసారీ సీసం కదులుతుంది, నాచు పట్టుకుంటుంది, కొన ఊగుతూ ఉంటే చేప కొట్టిందో అల కొట్టిందో తెలియదు. లెక్క వేసి చూడండి. ఇసుకలో గుచ్చిన స్టాండ్ రాడ్ అడుగును నేలకు అర మీటరు ఎత్తున నిలబెట్టిందనుకుందాం. దాదాపు నిటారుగా పెడితే 10 అడుగుల రాడ్ కొన సుమారు 3.4 మీటర్ల ఎత్తులో, 13 అడుగులది 4.3 మీటర్ల ఎత్తులో ఉంటాయి. 80 మీటర్ల దూరంలో సీసం పడితే, మధ్యలో 40 మీటర్ల దగ్గర ఆ తేడా సగమై, 45 సెంటీమీటర్లు మిగులుతుంది. మీటరున్నర అల విరిగేచోట ఆ 45 సెంటీమీటర్లు చిన్న విషయం కాదు. అయితే స్టాండ్‌నే మీటరు ఎత్తు పెంచినా అదే ఫలితం వస్తుంది, విసరడానికి తేలికైన రాడ్ చేతిలో మిగులుతుంది. పొడవాటి స్టాండ్‌ను ఇసుకలో కనీసం 40–45 సెంటీమీటర్లు దించాలి, లేకపోతే పెద్ద చేప లాగిన క్షణాన రాడ్, రీల్ రెండూ నీళ్లలోకే.

ఇప్పుడు మీ ఒళ్లు. మొత్తం పొడవుకంటే పిడి పొడవు, అంటే రాడ్ అడుగు చివరి నుంచి రీల్ కాలు (రీల్‌ను రాడ్‌కు బిగించే భాగం) వరకు ఉండే దూరం ముఖ్యం. అడుగు చివరను ఛాతీ మధ్యలో ఆనించి, రెండో చేత్తో రీల్ కాలును వేళ్ల మధ్య పట్టుకోండి. మోచెయ్యి కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. చెయ్యి పూర్తిగా చాచుకుపోతే, కింది చేత్తో లాగే బలం విసురులోకి రాదు. బాగా మడతపడితే రెండు చేతులూ దగ్గరై రాడ్ వంగదు. మామూలు ఎత్తున్నవాళ్లకు ఇది 60–75 సెంటీమీటర్ల మధ్య కుదురుతుంది. పొట్టివాళ్లకు 13 అడుగుల రాడ్ల మీద 80 దాటిన పిడి తగిలితే ఎంత సాధన చేసినా విసురు కుదరదు. అడుగు నుంచి ఐదారు సెంటీమీటర్లు కోయించడం ఒక దారి. వంపు పెద్దగా మారదు గానీ, కొనవైపు బరువు కాస్త పెరిగినట్టు అనిపిస్తుంది. రీల్‌ను జరుపుకునేలా క్లిప్పులతో బిగించే రాడ్ అయితే ఆ గొడవే లేదు. మొత్తం పొడవు విషయంలో, అలవాటు లేనివాళ్లు తమ ఎత్తుకు రెండింతలు దాటకపోవడం మంచిది.

వీటన్నిటినీ కలిపితే, నడుస్తూ, నీళ్లలోకి దిగి కృత్రిమ ఎరలు విసిరేవాళ్లకు 9 నుంచి 10 అడుగులు. గంటలో 60 సార్లు విసరాల్సి వస్తే 12 అడుగుల రాడ్ భుజాన్ని తినేస్తుంది. ఎర గుచ్చి, స్టాండ్‌లో పెట్టి కూర్చునేవాళ్లకు 11–12. చదును తీరం, బలమైన ప్రవాహం, 150 గ్రాములకు పైబడ్డ సీసం ఉంటే 13. ఆపైన 14–15 అడుగుల రాడ్లు విసురు పద్ధతి కుదిరినవాళ్లవి, మొదటి రాడ్‌గా పనికిరావు. ఒక్కటే కొంటామంటే 11 అడుగులది, 85–170 గ్రాములు మోసేది తీసుకోండి. రీల్ 9–10 అడుగుల వాటికి 4000–5000 సైజు, 11–12 వాటికి 6000–8000 సరిపోతుంది. రీల్ బిగించాక పై చెయ్యి ఉండే చోటికి కాస్త ముందు రాడ్ తూగాలి. బాగా ముందుకు వాలిపోతే చెయ్యి త్వరగా నొప్పెడుతుంది.

లైన్ చివర గాలాలు, సీసం కలిపి కట్టేదే కూర్పు. రెండు గాలాల కూర్పు రాడ్ కొన నుంచి మీటరు పైనే వేలాడుతుంది. 9 అడుగుల రాడ్‌ను వెనక్కి వాల్చితే ఆ సీసం ఇసుకను గీరుతుంది, ఎర గడ్డిలో చిక్కుకుంటుంది. పొట్టి రాడ్ వాడితే కూర్పునూ పొట్టిగా కట్టండి.

లైన్ చివర షాక్ లీడర్, అంటే విసురు దెబ్బకు తెగకుండా కట్టే మందపాటి లైన్ ముక్క తప్పనిసరి, దాని పొడవూ రాడ్ పొడవును బట్టే ఉంటుంది. ప్రతి 28 గ్రాములకు 10 పౌండ్ల బలం లెక్కన, 140 గ్రాముల సీసానికి 50 పౌండ్ల లైన్ కావాలి. లీడర్ పొడవు రాడ్‌కు రెండింతలు, అంటే 12 అడుగులకు 24 అడుగులు కోయండి. విసరడానికి సిద్ధమైనప్పుడు స్పూల్ (రీల్‌లో లైన్ చుట్టుకునే చక్రం) మీద లీడర్ ఐదారు చుట్లు ఉండాలి, లైన్‌ను లీడర్‌తో కలిపే ముడి వేలికి తగలకుండా స్పూల్ వెనక అంచు వైపు పడాలి. పాత రాడ్‌కు కట్టిన 18 అడుగుల లీడర్‌నే కొత్త 13 అడుగుల దానికి వాడితే చుట్లు మిగలవు, పూర్తి విసురులో సన్నటి లైన్ తెగి సీసం ఎగిరిపోతుంది. అది మనిషికి తగిలితే ప్రాణం మీదికొస్తుంది.

చేప పడ్డాక పొడవు మీకు ఎదురు తిరుగుతుంది. పై చేతికి పైన వంగిన రాడ్ 2.5 మీటర్లు, చేతుల మధ్య 70 సెంటీమీటర్లు ఉంటే, చేప 3 కిలోల బలంతో లాగినప్పుడు కింది చెయ్యి పది కిలోలకు పైగా ఆపాలి. టేకు చేపలు (స్టింగ్‌రేలు), సొరల కోసం కూర్చునేవాళ్లు ఒక అడుగు తగ్గించుకుని మందం పెంచుకోవడం ఇందుకే.

12 అడుగుల రెండు ముక్కల రాడ్ మడిచినా ఆరడుగులుంటుంది, మూడు ముక్కలది నాలుగడుగులే. ఒకదానిలోకి ఒకటి దూరే టెలిస్కోపిక్ రాడ్ల కీళ్లలో ఇసుక చేరి బిగుసుకుపోతాయి కాబట్టి అలల ఒడ్డున వాటిని వదిలెయ్యండి. కార్బన్‌లో కరెంటు పారుతుంది. ఉరిమే రోజున రాడ్ దించి దూరం జరగండి, కరెంటు తీగల కింద పైకెత్తకండి.

కొనేముందు వీలైతే రెండు పొడవులు అరువు తెచ్చి పోల్చండి. అదే రీల్, అదే లైన్, అదే సీసం, ఎర లేకుండా, ముందు ఎవరూ లేని చోట ఒక్కోదానితో పదిసార్లు విసిరి, వెనక్కి చుట్టేటప్పుడు తిప్పులు లెక్కపెట్టండి. అన్నిటికంటే దూరం పోయినదాన్ని, దగ్గర పడినదాన్ని తీసేసి మిగతా ఎనిమిదింటి సగటు చూడండి. పొడవాటిది ఐదు మీటర్లైనా ఎక్కువ ఇవ్వకపోతే, లేదా చివరి మూడు విసుర్లు మొదటి మూడింటికంటే బాగా దగ్గర పడుతుంటే పొట్టిదే కొనండి.