స్టిల్ లైఫ్ ఫోటోకి వంక పెట్టే ముందు

పోటీ గడువు దగ్గరపడగానే "కాస్త చూసి చెప్పండి" అంటూ స్టిల్ లైఫ్ ఫోటోలు (గిన్నెలు, పండ్లు, సీసాల్లాంటి కదలని వస్తువుల్ని పేర్చి తీసేవి) వచ్చిపడతాయి. అభిప్రాయం టైప్ చేసే ముందు ఇవి చూసుకోండి.

• మీ స్క్రీన్‌లో నైట్ మోడ్ ఆపేసి, బ్రైట్‌నెస్ పెంచండి. లేకపోతే తెల్ల గిన్నె పసుపుపచ్చగా కనిపిస్తుంది, నీడల్లోని వివరం మాయమవుతుంది. లేని తప్పు కోసం పాపం వాళ్లు సెటప్ అంతా మళ్లీ పేర్చుకుంటారు.

• వెలుతురు ఎటునుంచి వచ్చిందో ముందు తేల్చుకోండి. ఒకే సీసాకి రెండు దిక్కుల్లో నీడ పడిందంటే రెండో లైటు ఉన్నట్టే. గాజు మీది మెరుపును జూమ్ చేయండి: కిటికీయో సాఫ్ట్‌బాక్సో (లైటు ముందు తెల్లగుడ్డ ఉండే పెట్టె) దాని ఆకారమే చెప్పేస్తుంది. మెరుపు చిన్న చుక్కలా ఉండి, నీడ అంచు కత్తిరించినట్టుంటే లైటు చిన్నదో దూరంగా ఉన్నదో అయ్యుంటుంది. అప్పుడు "లైటింగ్ బాలేదు" అనడం కన్నా "లైటు దగ్గరికి జరపండి" అంటే పనికొస్తుంది.

• నేపథ్యం నల్లగా ఉందని తప్పు పట్టకండి. 1602 ప్రాంతంలోనే స్పెయిన్ చిత్రకారుడు సాంచెజ్ కోటాన్ కూరగాయల్ని కటిక చీకటి ముందు పెట్టి వేశాడు. కావాలని చేశారా అని అడగండి, చాలు.

• ఫ్రేమ్ నాలుగు అంచులూ ఒకసారి చుట్టి రండి. అంచుకి ఆనీ ఆననట్టున్న ఒక్క కాడ చాలు, చూపు అటే పోతుంది. మూడో వంతు రూల్ (ఫ్రేమ్‌ని నిలువుగా, అడ్డంగా మూడేసి భాగాలు చేసి, ఆ గీతల మీద ముఖ్యమైన వస్తువు పెట్టడం) కన్నా ఇదే ముఖ్యమని నా లెక్క.

• క్రాప్ చేయమనే ముందు ఆ భాగాన్ని చేత్తో మూసి చూడండి. ఖాళీ అనుకున్న చోటే ఒక్కోసారి ఫోటో తూకం నిలబడి ఉంటుంది.