క్యాంపర్ వ్యాను వెనుక టైర్లలో గాలి ఎంత?

గాలి పట్టే కుర్రాడు ఎంత పెట్టమంటారని అడిగితే, అలవాటుగా కారుకు చెప్పే అంకెనే క్యాంపర్ వ్యానుకూ చెప్పేస్తూ ఉంటాము. అలా కాకుండా, మంచం, గ్యాస్ పొయ్యి, నిండిన నీళ్ల ట్యాంకు, మనుషులతో సహా బండిని వే బ్రిడ్జికి తీసుకువెళ్లి, వెనుక చక్రాలను మాత్రమే కాటా మీద ఉంచి తూకం వేయించి, అందులో సగాన్ని టైరు పక్కన సైజు తరువాత ఉండే లోడ్ సంఖ్యతో పోల్చుకోవాలి. 88 అంటే ఒక్కో టైరు గరిష్ఠంగా 560 కిలోలు, 91 అంటే 615 కిలోలు మోయగలదు. (ఖాళీ బండిని తూచడం దండగ.) ఆ సగం తూకం ఈ హద్దుకు దగ్గరగా ఉంటే, తయారీదారు అనుమతించిన సైజులోనే ఎక్కువ సంఖ్య గల టైర్లు కొనడం మేలు. గాలిని డ్రైవరు తలుపు దగ్గరి పట్టికలో పూర్తి లోడుకు చూపినంత, ఉదయం టైర్లు చల్లగా ఉన్నప్పుడే పట్టించాలి. అయితే, వాణిజ్య వాహనాలకు వాడే ‘సి’ రకం టైర్లకు మారితే ఆ పట్టిక పనికిరాదు. టైరు తయారీదారు ఇచ్చే పట్టికనే చూడాలి.