సముద్రపు దొంగల రోగ్‌లైక్ గేమ్‌లు: సరైనది ఎంచుకుని, ఓడను రేవుకు చేర్చడం ఎలా?

సన్‌లెస్ సీ అనే గేమ్‌లో నా మూడో కెప్టెన్ పోయిన తీరు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఇంధనం రెండు పీపాలకు దిగింది. లండన్ రేవు ఇంకా చాలా దూరం. అంతలో కుడివైపు చీకట్లో ఏదో దీవి కనిపించింది. ఇంత దూరం వచ్చాం కదా, అదీ చూసేసి వెళ్దాం అనుకున్నాను. చూశాను. తిరుగు దారిలో ఇంధనం అయిపోయి నడిసముద్రంలో ఆగిపోయాను. గంటల తరబడి ఒక్కొక్కటీ కూడబెట్టి తయారు చేసుకున్న ఓడ, సిబ్బంది, సరుకు అన్నీ ఒక్కసారే పోయాయి.

ఫిరంగులు పేల్చడం ఎవరైనా గంటలో నేర్చుకుంటారు. ఓడను ఎక్కడ వెనక్కి తిప్పాలో తెలియడానికి మాత్రం నాకు మూడు ఓడలు పట్టాయి. మీకు అన్ని పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

1. ముందు రోగ్‌లైక్ అంటే ఏమిటో తెలుసుకోండి

1980లో వచ్చిన రోగ్ అనే గేమ్ నుంచి ఈ పేరు పుట్టింది. అందులో బొమ్మలు ఉండవు, తెర మీద అక్షరాలూ గుర్తులే ఉంటాయి. ఆడిన ప్రతిసారీ నేలమాళిగ కొత్తగా తయారవుతుంది. చచ్చిపోతే మళ్లీ మొదటి నుంచే. ఆ రెండు లక్షణాలే ఇప్పటికీ ఈ గేమ్‌లకు ప్రాణం. ఒకసారి మొదలుపెట్టి చచ్చేదాకానో గెలిచేదాకానో ఆడేదాన్ని రన్ అంటారు. చావు శాశ్వతం కావడాన్ని పర్మాడెత్ అంటారు.

రోగ్‌లైట్ అనే మాట కూడా వింటారు. చచ్చిపోయినా కొంత మిగులుతుంది: కొత్త ఆయుధమో, కొత్త కెప్టెనో, తర్వాతి రన్‌కు పనికొచ్చే డబ్బో. నేటి సముద్రపు దొంగల రోగ్‌లైక్‌లలో ఎక్కువ భాగం ఈ రకమే. రెంటికీ తేడా ఏమిటని ఆటగాళ్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. కొనేవాళ్లకు కావాల్సిన ప్రశ్న ఒక్కటే: ఓడ మునిగాక నా చేతిలో ఏం మిగులుతుంది?

సముద్రపు దొంగల కథకూ ఈ తరహా ఆటకూ ఇంత బాగా కుదరడానికి కారణం చరిత్రలోనే ఉంది. ఆ దొంగల వైభవం నిజంగానే మూన్నాళ్ల ముచ్చట. శామ్యూల్ బెల్లమీ 1717లో విడా అనే పెద్ద ఓడను పట్టుకున్నాడు. కొన్ని వారాలకే, ఏప్రిల్‌లో, అమెరికా తీరంలోని కేప్ కాడ్ దగ్గర తుపానులో ఆ ఓడా పోయింది, అతనూ పోయాడు. బ్లాక్‌బియర్డ్ 1718లో తన క్వీన్ ఆన్స్ రివెంజ్ ఓడను ఇసుకమేటలో ఇరికించుకున్నాడు, అదే ఏడాది నవంబరులో పోరాటంలో చచ్చాడు. బార్తొలొమ్యూ రాబర్ట్స్ మూడేళ్లలోపే వందల ఓడలు దోచి 1722లో ఫిరంగి దెబ్బకు పోయాడు. ఒక్కొక్కరిదీ ఒక రన్ లాగే ఉంటుంది. గుహల్లో కత్తి పట్టుకుని తిరిగే రోగ్‌లైక్‌ల కన్నా ఓడ ఉన్నవే నన్ను ఎక్కువగా పట్టుకోవడానికి ఇదే కారణం.

2. మీ స్వభావానికి తగ్గ గేమ్ ఎంచుకోండి

పెట్టె మీద పుర్రె జెండా బొమ్మ ఉన్నంత మాత్రాన అన్నీ ఒకే రకం కాదు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు.

చేతివేగం ఉండి, ఎగరడం దూకడం ఇష్టమైతే ఫ్లింట్‌హుక్. 2017లో ట్రిబ్యూట్ గేమ్స్ తెచ్చింది. ఇది అంతరిక్షంలో తిరిగే దొంగ కథ. చేతిలో గొలుసు కొక్కెం ఉంటుంది. దాన్ని గోడకున్న ఉంగరాలకు విసిరి గదుల్లో దూసుకుపోవాలి, అవసరమైనప్పుడు కాలాన్ని కాసేపు నెమ్మది చేయొచ్చు. కొక్కెం చేతికి అలవాటైతే ఆ కదలికలో ఉండే హాయి ఆడితే కానీ తెలియదు.

ఆలోచించి పేక వేసేవాళ్లకు పైరేట్స్ అవుట్‌లాస్ ఉంది. కార్డులతో ఆడేది, ఫోన్‌లోనూ దొరుకుతుంది. దీని ప్రత్యేకత తూటాల లెక్క. తుపాకీ కార్డులు వాడాలంటే తూటాలుండాలి, నింపుకోవడానికి వేరే కార్డులు కావాలి. పది నిమిషాల తీరిక దొరికినప్పుడు ఆడుకోవడానికి బాగుంటుంది.

స్నేహితుడితో కలిసి ఆడాలంటే 2022లో వచ్చిన షిప్ ఆఫ్ ఫూల్స్. ఇద్దరూ ఒకే ఓడ మీద పరుగులు తీస్తూ ఫిరంగులు నింపాలి, పేల్చాలి, వెనక నుంచి తరుముకొచ్చే తుపానుకు అందకుండా సాగాలి. ఒంటరిగా కూడా ఆడొచ్చు. కానీ ఇది ఇద్దరి కోసం చేసిన గేమ్ అని పట్టుమని పావుగంటలో తెలిసిపోతుంది.

వంతులవారీ యుద్ధం నచ్చేవాళ్లు రోగ్ వాటర్స్ చూడండి, 2024లో వచ్చింది. ముందు ఫిరంగులతో శత్రువు ఓడను దెబ్బతీస్తారు, తర్వాత డెక్కు మీదికి దూకి గళ్లలో మనుషులను కదుపుతూ పోరాడతారు. శత్రువును చంపక్కర్లేదు, అంచు దాకా నెట్టి సముద్రంలో పడేసినా చాలు. ఆ ఒక్క సదుపాయం వల్ల ప్రతి ఎత్తులో ఎవరెక్కడ నిలబడ్డారన్నదే ముఖ్యమవుతుంది.

ఓడ నడపడమే కావాలంటే అబాండన్ షిప్. 2018లో ఎర్లీ యాక్సెస్‌లో (పూర్తికాకముందే అమ్మకానికి పెట్టే దశ) మొదలై 2019లో పూర్తిగా విడుదలైంది. పాతకాలపు సముద్ర యుద్ధాల తైలవర్ణ చిత్రాల్లా కనిపిస్తుంది. ఎఫ్‌టీఎల్ అనే అంతరిక్ష ఓడ గేమ్ ఆడినవాళ్లకు చేతికి తెలిసినట్టే ఉంటుంది: ఒకడిని మంటలు ఆర్పడానికి పంపాలి, ఇంకొకడిని చిల్లు పూడ్చడానికి, మరొకడిని ఫిరంగి దగ్గరికి. ఓడ మునిగినా కెప్టెన్ బతికుంటే ఆట అయిపోదు. నీళ్లలో ఒంటరిగా తేలుతూ కూడా మళ్లీ మొదలుపెట్టొచ్చు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన సన్‌లెస్ సీ. ఫెయిల్‌బెటర్ గేమ్స్ 2015లో తెచ్చింది. నిజానికి ఇది దొంగల గేమ్ కాదు. దొంగలు ఎదురవుతారు, మీరు మాత్రం భూమి కింద ఉన్న చీకటి సముద్రంలో ఓ చిన్న ఆవిరి ఓడకు కెప్టెన్. అయినా ఈ జాబితాలో పెట్టాను. సముద్రం అంటే భయం ఎలా ఉంటుందో ఇంత బాగా చూపించిన గేమ్ నాకు ఇంకొకటి దొరకలేదు.

3. రివ్యూలు చదవడం నేర్చుకోండి

ఈ గేమ్‌ల గురించి ఆటగాళ్ల మాటలు చదివితే ఒకే విషయాన్ని ఒకరు పొగుడుతారు, ఇంకొకరు తిడతారు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

సన్‌లెస్ సీనే చూడండి. ఓడ నెమ్మదిగా పోతుందన్నది ఎక్కువమంది చెప్పే ఫిర్యాదు. ఇంకో వర్గం ఆ నెమ్మదితనం వల్లే చీకటి, ఒంటరితనం మనసుకు పడతాయంటుంది. రాత బాగుందని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. అయితే కెప్టెన్ చచ్చి కొత్తవాడు బయలుదేరితే, ముందే చదివిన కథలు మళ్లీ చదవాల్సి వస్తుంది. నా దృష్టిలో ఇది న్యాయమైన ఫిర్యాదు. దీవుల స్థానాలు మారతాయి కానీ అక్కడి మాటలు మారవు. కథ బలంగా ఉన్న రోగ్‌లైక్‌లన్నిటికీ ఈ చిక్కు ఉంది.

పర్మాడెత్ మీద వాదన ఎప్పటికీ తెగదు. అరగంట రన్ పోతే ఎవరూ బాధపడరు, నవ్వుకుని మళ్లీ మొదలెడతారు. పది గంటల రన్ పోతే కడుపు మండుతుంది. అందుకే రివ్యూల్లో నేను మొదట వెతికేది ఒక రన్ ఎంతసేపు పడుతుందనేది. ఫ్లింట్‌హుక్‌లో చావు ఒక రకం, సన్‌లెస్ సీలో చావు ఇంకో రకం.

గేమ్‌లు అమ్మే స్టీమ్ సైట్‌లో రివ్యూలు చదివేటప్పుడు రాసిన మనిషి ఎన్ని గంటలు ఆడాడో పక్కనే ఉంటుంది, అది చూడండి. గంటన్నర ఆడి బాగాలేదన్న మాటకు, ఎనభై గంటలు ఆడి చివర్లో అన్ని రన్‌లూ ఒకేలా అనిపించాయన్న మాటకు చాలా తేడా ఉంది. రెండోది చదివి నేను కొనేస్తాను, ఎనభై గంటలు నిలబెట్టిందంటే అందులో సరుకున్నట్టే. "మిక్స్‌డ్" అని చూసి భయపడకండి. వందలో 40 నుంచి 69 మంది దాకా మెచ్చుకుంటే పడే ముద్ర అది. ఎర్లీ యాక్సెస్‌లో ఉండి తర్వాత బాగుపడిన గేమ్‌ల విషయంలో పాత తిట్లు అలాగే మిగిలిపోతాయి కాబట్టి ఇటీవలి రివ్యూలు విడిగా చూడాలి.

కొన్నాక నచ్చకపోతే కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటలు దాటకపోతే స్టీమ్ డబ్బు వెనక్కి ఇస్తుంది. ఆ రెండు గంటల్లో ఒక్కసారైనా ఓడ ముంచుకోండి. మునిగాక మళ్లీ మొదలుపెట్టాలనిపించిందా లేదా అన్నదాన్ని బట్టే ఉంచుకోవాలో వెనక్కివ్వాలో నిర్ణయించుకోండి.

4. బయలుదేరే ముందు సెట్టింగ్స్ చూసుకోండి

సన్‌లెస్ సీలో సొంతంగా సేవ్ చేసుకునే తేలిక పద్ధతి ఉంది. మొదటిసారి ఆడేవాళ్లు దాన్ని వాడుకోవడంలో తప్పేమీ లేదు. అలా చేస్తే ఆడినట్టే కాదని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. కథ కోసం వచ్చినవాళ్లు కథ చూసి వెళ్లాలి. రెండోసారి ఎలాగూ చావుకు సిద్ధపడి వస్తారు.

5. సగానికి రాగానే ఓడ తిప్పండి

అన్నిటిలోకీ ముఖ్యమైనది ఇదే.

ఇంధనం సగానికి రాగానే, దారిలో కొనుక్కునే చోటు తెలియకపోతే, రేవు వైపు తిరగండి. నిధి కనిపించినా సరే, దీవి పిలిచినా సరే. ఆశ లావు, పీక సన్నం అన్నట్టు, ఈ గేమ్‌లన్నీ మన ఆశకు సరిగ్గా కొంచెం తక్కువ ఇంధనం ఇచ్చేలా లెక్క వేసి ఉంటాయి.

సన్‌లెస్ సీలో ఈ లెక్క ఎంత గట్టిదో చూడండి. ఓడ ముందు దీపం ఉంటుంది. వెలిగిస్తే సిబ్బందిలో భయం నెమ్మదిగా పెరుగుతుంది, కానీ ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. ఆర్పేస్తే ఇంధనం మిగులుతుంది, భయం వేగంగా పెరుగుతుంది. భయం వందకు చేరితే తిరుగుబాటే. అంటే చీకట్లో ప్రతి నిమిషం ఏదో ఒకటి ఖర్చు పెడుతూనే ఉన్నాం. నేను తీరం వెంట వెళ్లేటప్పుడు, వెలుగున్న బోయాల (నీటి మీద తేలే గుర్తులు) దగ్గర దీపం ఆర్పేస్తాను, నడిసముద్రంలో వెలిగిస్తాను. సిబ్బంది సగం కన్నా తగ్గితే ఓడ వేగం కూడా సగమవుతుందని మర్చిపోకండి. నెమ్మదిగా పోయే ఓడకు తిండి, ఇంధనం, భయం అన్నీ రెట్టింపు ఖర్చు. మునిగే ఓడలు చాలావరకు అక్కడి నుంచే మునగడం మొదలవుతాయి.

మొదట్లో డబ్బుకు దగ్గరి దీవులే తిరగండి. వెళ్లిన ప్రతి రేవు గురించి సమాచారం రాసుకొచ్చి లండన్‌లో నౌకాదళం వాళ్లకు ఇస్తే డబ్బులిస్తారు. పెద్ద లాభం కాదు. కానీ మొదటి రెండు గంటలు బతికించేది అదే.

6. పోరాటం వచ్చినప్పుడు

పాజ్ నొక్కే వీలున్న గేమ్‌లో పాజ్ నొక్కండి. అబాండన్ షిప్‌లో మంట, చిల్లు, శత్రువు గుండు ఒకేసారి వచ్చి పడినప్పుడు టెన్షన్‌లో అందరినీ ఫిరంగుల దగ్గరే ఉంచేస్తాం. ఆపి చూస్తే, ముందు చిల్లు పూడ్చాలని తెలుస్తుంది.

సన్‌లెస్ సీలో శత్రువు ముందు నిలబడకండి, వెనక్కి చేరండి. చాలా ఓడల ఫిరంగులు ముందు వైపే ఉంటాయి కాబట్టి వెనక ఉన్నవాడికి దెబ్బ తగలదు. ఇంకా ముఖ్యం: గెలవలేని పోరాటమైతే పారిపోండి. సముద్రపు దొంగలు కూడా అదే చేసేవాళ్లు. వాళ్లు వెతికింది సరుకు నిండిన, ఫిరంగులు తక్కువున్న ఓడల కోసం. యుద్ధనౌక కనిపిస్తే తాడోపేడో తేల్చుకోవాలని సాధారణంగా ఎదురెళ్లేవాళ్లు కాదు.

7. మునిగాక

వెంటనే కొత్త రన్ మొదలుపెట్టకండి. ఎందుకు మునిగిందో ఒక్క వాక్యం కాగితం మీద రాయండి. "దొంగ ఓడ ముంచింది" అని కాదు, దానికి ముందు ఏం జరిగిందో. నా కాగితం మీద ఇలా ఉంది: "సిబ్బంది నలుగురే ఉన్నారని తెలిసి కూడా రేవు వదిలాను." "ఇంధనం రెండు ఉన్నప్పుడు దీవికి తిరిగాను." ఐదారు వాక్యాలు రాశాక చూస్తే, అన్నిటిలోనూ ఒకే తప్పు కనిపించింది. మునగడానికి పది నిమిషాల ముందే మునిగిపోయి ఉన్నాను.

తర్వాతి కెప్టెన్‌కు ఏం మిగల్చాలని గేమ్ అడిగితే తొందరపడకండి. సన్‌లెస్ సీలో పాత పటాన్ని మిగుల్చుకునే దారి ఒకటుంది. కొత్తవాళ్లకు డబ్బు కన్నా, ఫిరంగి కన్నా అదే మేలు. ఏ దీవి ఎక్కడుందో తెలిస్తే ఎక్కడ తిప్పాలో కూడా తెలుస్తుంది.

నా నాలుగో కెప్టెన్ ఆ పటంతోనే బయలుదేరాడు. మూడోవాడిని ముంచిన దీవి పక్కగానే వెళ్లాడు. ఇంధనం సగానికి ఒక పీపా తక్కువగా ఉంది. ఓడ తిప్పాను. లండన్ దీపాలు కనిపించేసరికి చివరి పీపా కాలుతోంది, భయం ఎనభై దాటింది. రేవులో ఓడ ఆగాక కూడా కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. మర్నాడు ఎనిమిది పీపాలు ఎక్కువ కొనుక్కుని మళ్లీ ఆ దీవి వైపే బయలుదేరాను.