కొత్త కథ వేట - 4వ పాఠం: ‘ప్రతులకు’ అన్న చోట వేలు పెట్టండి

పోయినసారి ఇచ్చిన పని చేసినవాళ్ల చేతిలో ఇప్పుడో పుస్తకం ఉండాలి. ఐదేళ్ల లోపు అచ్చయినది, మీరెన్నడూ పేరు వినని రచయితది, నవల గానీ కథల సంపుటి గానీ గ్రంథాలయం నుంచి తెచ్చుకోమన్నాను. దాన్ని ముందు పెట్టుకుని ఈ పాఠం చదవండి. ఇవ్వాళ వెంటనే కథలోకి పోవద్దు. అట్ట తిప్పండి, పుస్తకం పేరున్న పేజీ కూడా తిప్పండి. దాని వెనక చిన్న అక్షరాలతో కిక్కిరిసిన పేజీ ఒకటి ఉంటుంది. అందరం చూడకుండా దాటేసే పేజీ అది.

ముందు ‘ప్రచురణ’ అన్న చోట వేలు పెట్టండి. అక్కడున్న పేరు, చిరునామా చదవండి. వేలు కిందికి జరిపి ‘ప్రతులకు’ దగ్గర ఆపండి. రెండు చోట్లా ఒకే చిరునామా ఉండి, అది ఇంటి నంబరైతే, ఆ పుస్తకాన్ని రచయితే సొంత ఖర్చుతో వేసుకున్నారని దాదాపుగా చెప్పొచ్చు. ప్రచురణ సంస్థ పేరు చాలాసార్లు వాళ్ల అమ్మదో నాన్నదో అయి ఉంటుంది. ‘ప్రతులు: 300’ అని కూడా ఉంటే ఇంకా నమ్మకంగా చెప్పొచ్చు.

వెనక అట్ట మీద ఐఎస్‌బీఎన్ (ఒక్కో పుస్తకానికి విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు) లేదని ఏ పుస్తకాన్నీ తక్కువ చేయకండి. 13 అంకెల ఆ నంబరును ఢిల్లీలోని రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. దరఖాస్తు ఎట్లా పెట్టాలో తెలియక తీసుకోనివాళ్లు ఎందరో. ఉంటే మాత్రం 978 తర్వాత 81 గానీ 93 గానీ కనిపిస్తుంది, అది మన దేశపు గుర్తు. పుస్తకాన్ని వెతికి పట్టుకోవడానికి ఆ నంబరు పనికొస్తుంది. కథ బాగుందో లేదో చెప్పడం దాని పని కాదు.

ఇంక అసలు సంగతి. ‘ప్రతులకు’ కింద ఫోన్ నంబరు ఉంటుంది. దానికి ఫోన్ చేయాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రచయితకు ఫోన్ చేయడమేంటి, ఏమనుకుంటారో అని. నేను మొదటిసారి చేసినప్పుడు ఎట్లా జరిగిందో చెప్తాను.

గ్రంథాలయంలో ఓ సన్నని డిటెక్టివ్ నవల దొరికింది. రాసింది రిటైరైన లెక్కల సారు. అందులో హత్య గుట్టు రైల్వే టైంటేబుల్ మీద విప్పుతాడు. కాజీపేట జంక్షన్‌లో రెండు బండ్ల మధ్య ఉన్న పదకొండు నిమిషాలే నవలకు ఆయువుపట్టు. ఒక్క రాత్రిలో చదివేశాను. ఈయన ఇంకేమైనా రాశారా అని మన దగ్గరి దుకాణాల్లో అడిగితే ఎవరికీ తెలియదు. పొద్దున్నే ఫోన్ చేశాను.

“సార్, మీ పుస్తకం ఇంకోటి ఉందా? హన్మకొండల ఎక్కడ దొరుకుతది?”

కొంచెంసేపు అవతల మాట లేదు. తర్వాత, “ఎక్కడ దొరకది బిడ్డా. మా ఇంట్లనే ఉన్నయ్. నువ్వే వచ్చి తీస్కపో” అన్నారు.

పోయాను. దివాన్ కింద ప్రెస్సు నుంచి వచ్చిన కట్టలు వచ్చినట్టే ఉన్నాయి, గోధుమరంగు కాగితం చుట్టి, సుతిలితో బిగించి. రెండు కట్టలు మాత్రమే విప్పి ఉన్నాయి. ఆవిష్కరణ సభలో పంచినవి, చుట్టాలకు ఇచ్చినవి, గ్రంథాలయాలకు ఇచ్చినవి పోను మిగతావన్నీ అక్కడే. దుకాణాలకు ఎందుకు వేయలేదు సార్ అంటే, వేశానన్నారు. అమ్ముడుపోయాక కమీషన్ పట్టుకుని లెక్క ఇస్తామంటారు, ఆ లెక్క కోసం ఈ వయసులో ఎన్నిసార్లు తిరగను అన్నారు. మన ఊరికి కొత్త పుస్తకాలు రావని అనుకుంటాం గదా, వస్తున్నాయి. దుకాణం దాకా రాలేక దివాన్ల కింద ఆగిపోతున్నాయి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. అట్లా తిరిగేవాళ్లు ఇప్పుడు లేరు కాబట్టి చదివేవాళ్లమే నాలుగడుగులు వేయాలి.

ఆ రోజు సారు దగ్గర రెండో నవల కొన్నాను. లేవబోతుంటే, “మా డీటీపీ చేసిన అమ్మాయి దగ్గర ఇంకో నాలుగు పుస్తకాలు తయారైతున్నయ్, అడుగు” అన్నారు. ఈ పాఠానికి గుండెకాయ ఆ మాటే. వివరాల పేజీలో ‘డీటీపీ’ అన్న వరుస, ‘ముఖచిత్రం’ అన్న వరుస ఊరికే వేసినవి కావు. హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల ఓ చిన్న గదిలో కూర్చుని పేజీలు కట్టే మనిషికి, జిల్లాలో ఎవరు ఏం రాస్తున్నారో అచ్చుకు ముందే తెలుస్తుంది. నాకు ఆమె చెప్పినవాటిలో ఒకటి సైన్స్ ఫిక్షన్, సింగరేణి గనుల్లో జరిగేది. అట్లాంటి నవల ఉంటుందని నేను ఊహించను కూడా లేదు. ముందుమాట రాసినవాళ్ల పేరు కూడా రాసుకోండి. ఒకే మనిషి కొత్తవాళ్లకు వరసగా ముందుమాటలు రాస్తున్నారంటే వాళ్లు ఆ పుస్తకాలన్నీ చదువుతున్నారన్నమాట. సభలో కనిపిస్తే నమస్తే చెప్పి, ఈ మధ్య మీకు నచ్చిన కొత్తవాళ్లెవరని అడగండి. ఇట్లాంటి ప్రశ్న కోసం ఎదురుచూసే మనుషులు వాళ్లు.

ఒక మర్యాద మాత్రం తప్పొద్దు. పుస్తకం ఊరికే ఇస్తామంటారు, తీసుకోకండి. వెల ఇచ్చేయండి. పోస్టులో తెప్పించుకుంటే పోస్టు ఖర్చు కూడా మీరే కలిపి పంపండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు, ఆ ఖర్చు బరువు రచయిత మీద వేయకూడదు.

ఇదంతా అచ్చు పుస్తకం దారి. అన్ని రకాల కథలూ ఈ దారిన దొరకవు. మన దగ్గర ఆవిష్కరణ సభలు ఎక్కువగా సామాజిక నవలకు, కథల సంపుటాలకు, కవిత్వానికి జరుగుతాయి. సోమవారం ఆంధ్రజ్యోతి ‘వివిధ’ పేజీలో వచ్చే సభల కబుర్లు చూసేవాళ్లకు అవి అందుతాయి. దయ్యాల కథలు, ప్రేమ కథలు, థ్రిల్లర్లు రాసే కుర్రవాళ్లు సభలు పెట్టరు. వాళ్లు ప్రతిలిపి లాంటి యాప్‌లలో భాగాలు భాగాలుగా రాస్తారు. అక్కడ పై వరుసలో కనిపించేవి ఇప్పటికే అందరూ చదువుతున్నవి, వాటికి మన వేట అవసరం లేదు. తక్కువమంది చదివిన ధారావాహిక తీసుకుని మొదటి భాగానికి, ఇరవయ్యో భాగానికి ఎంతమంది ఉన్నారో పోల్చండి. రెండు వందల మందితో మొదలై నూట యాభై మంది చివరిదాకా నిలిచిన కథ, లక్షమంది మొదలుపెట్టి వదిలేసిన కథ కన్నా నాకు నమ్మకమిస్తుంది.

దొరికింది సరే, మంచిదో కాదో ఎట్లా తెలుసుకోవాలి? రకాన్ని బట్టి పరీక్ష మారుతుంది. డిటెక్టివ్ కథలో చివర చెప్పిన ఆధారం ముందే మన కళ్ల ముందు పెట్టారా అని వెనక్కి తిప్పి చూడండి. సైన్స్ ఫిక్షన్‌లో రచయిత పెట్టుకున్న నియమాన్ని తనే తప్పాడా చూడండి. హాస్యానికి పరీక్ష అక్కర్లేదు, నవ్వొస్తుంది లేదా రాదు.

చారిత్రక నవల దగ్గర మాత్రం కాసేపు ఆగుదాం, ఓరుగల్లు వాళ్లం గదా, కాకతీయుల మీద కొత్త నవలలు మన చేతికి తరచుగా వస్తాయి. నేను తిండి దగ్గర పట్టుకుంటాను. ఒక నవలలో రుద్రమదేవి సైనికుడు యుద్ధానికి ముందు రాత్రి గటకలో (సంకటి లాంటిది) పచ్చిమిరపకాయ నంజుకుంటాడు. ఎనుమాముల మార్కెట్ యార్డు నిండా ఎర్రగా పరిచిన మిర్చి చూస్తూ పెరిగిన మనకు అది సహజంగానే అనిపిస్తుంది. కానీ మిరప అమెరికా ఖండాల పంట. పోర్చుగీసు ఓడలు మన తీరానికి మొదటిసారి వచ్చిందే 1498లో. కాకతీయుల పాలన 1323తోనే ముగిసింది. ఆ సైనికుడికి కారం కావాలంటే మిరియాలే దిక్కు. గటకలో మక్కలున్నా (మొక్కజొన్నలు) అదే తప్పు, మక్కలూ ఆ ఖండాలవే. జొన్న గటకైతే ఒప్పు. ఇట్లాంటి తప్పు ఒకటి దొరికితే పుస్తకం మూసేయమని అనను. నాలుగు దొరికితే, ఆ రచయిత కోట ఎక్కాడు గానీ ఆ కాలంలోకి దిగలేదని అర్థం. అదే, చిన్న దినుసు కూడా సరిచూసుకుని రాసినవాళ్లను గుర్తుపట్టి పట్టుకోండి, పెద్ద విషయాల్లోనూ వాళ్లు మోసం చేయరు.

అచ్చుతప్పుల సంగతి వేరు. సొంతంగా వేసుకున్న పుస్తకంలో అవి ఉంటాయి. ఫోన్‌లో యూనికోడ్‌లో కొట్టిన కథను పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లకు మార్చేటప్పుడు ఒత్తులు జారిపోతాయి, కొన్ని అక్షరాలు విరుగుతాయి. ఆ తప్పు మార్పిడిది. రచయిత తప్పు మాటల పొందికలో కనబడుతుంది. అందుకని సంభాషణ ఎక్కువున్న పేజీ ఒకటి తీసి పైకి చదవండి. పరకాల ముసలమ్మ, హైదరాబాద్ ఆఫీసరు ఒకే తీరుగా మాట్లాడుతుంటే చెవికి వెంటనే తెలిసిపోతుంది.

ఈ వారం పని: మీ చేతిలోని పుస్తకంలోని వివరాల పేజీని ఓ నోట్‌బుక్‌లో ఎత్తి రాయండి. ‘ప్రతులకు’ నంబరుకు ఫోన్ చేయండి. పొద్దున పది దాటాక చేస్తే మంచిది. పుస్తకంలో మీకు నచ్చిన ఒక్క చోటు గురించి చెప్పి, మీ పుస్తకానికి డీటీపీ ఎవరు చేశారు, వాళ్ల దగ్గర ఇంకేం వస్తున్నాయని అడగండి. విన్న పేర్లన్నీ రాసుకోండి. వచ్చే పాఠంలో ఆ పేర్లు పట్టుకుని, హన్మకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం మెట్లెక్కుదాం.