రోగి మాట వినడం, నాలుగో పాఠం: మొదటి ప్రశ్న

పోయిన పాఠంలో రోగి చెప్పేది రికార్డు చేయడానికి అనుమతి ఎలా తీసుకోవాలో, రికార్డరు ఎక్కడ పెట్టాలో చూశాం. ఇప్పుడు నోరు విప్పాలి. చిక్కంతా ఇక్కడే.

ముందు నా తప్పు చెబుతాను. కోనసీమలో కాలవగట్టు మీదున్న ఒక ఊళ్ళో బోదకాలున్న ఒకావిడ ఎదురుగా కూర్చుని, కాగితం చూస్తూ "మాత్రలు వేసుకుంటున్నారా అండీ?" అన్నాను. "వేసుకుంటున్నానండి." "కాలు సబ్బుతో కడిగి తుడుచుకుంటున్నారా?" "ఆఁ, తుడుచుకుంటున్నానండి." పక్కనే కోడలు నిలబడి ఉంది. పావుగంటలో ప్రశ్నలన్నీ అయిపోయాయి. ఇంటికొచ్చి వింటే టేపునిండా నా గొంతే.

మళ్ళీ వెళ్ళినప్పుడు కాగితం సంచిలోంచి తీయలేదు. కోడలు బడికి పిల్లల్ని తీసుకురావడానికి వెళ్ళే వేళ చూసుకుని వెళ్ళాను. "కాలు ఇలా అవకముందు నుంచి చెప్పండి పిన్నిగారూ, మొదట ఏం జరిగింది?" అన్నాను.

"పెద్ద తుపానెళ్ళాక వచ్చిన దాళ్వాలోనండి. నాట్లేసొచ్చిన రాత్రి ఒకటే చలి, జొరం. గజ్జల్లో బిళ్ళ కట్టింది."

తర్వాత చాలాసేపు మాట లేదు. నేనూ మాట్లాడలేదు. (ఆ మౌనాన్ని ఓర్చుకోవడం నేర్చుకోడానికి నాకు రెండేళ్ళు పట్టింది.) అప్పుడు చెప్పింది. వేళ్ళు ఉబ్బిపోయి మట్టెలు బిగుసుకుంటే కంసాలి చేత కోయించారట. "ఆయన నిక్షేపంలా ఉన్నారండి. అయినా పేరంటానికెళ్తే పసుపు రాస్తాం, కాళ్ళు చాపమంటారు కదా." అందుకని పేరంటాలే మానేసింది.

బోదకాలు దోమ ద్వారా వచ్చే సన్నని పురుగు వల్ల వస్తుందనీ, వేళ్ళ మధ్య ఒరుపుల్లోంచి సూక్ష్మజీవులు దూరితే ఆ జ్వరం తిరగబెడుతుందనీ వైద్యపుస్తకం చెబుతుంది. అది నిజమే, మనకు కావాలి కూడా. కానీ మట్టెల సంగతి ఆ పుస్తకంలో ఉండదు. నా మొదటి ప్రశ్నల కాగితంలోనూ లేదు.

ఆవిడ చెప్పిన కాలాన్ని గమనించారా? "ఏ సంవత్సరం?" అని అడిగుంటే తెల్లమొహం వేసేది. తుపాను 1996 నవంబరు 6న వచ్చింది కాబట్టి ఆ దాళ్వా (రెండో పంట వరి) నాట్లంటే 1997 మొదట్లో అన్నమాట. గోదావరి డెల్టాలో తిరిగేవాళ్ళకి ఇలాంటి గుర్తులు నోటికి వచ్చి ఉండాలి: 1986 ఆగస్టు వరద, 1991, 2003, 2015 పుష్కరాలు. నెలకైతే సార్వా (వానకాలపు వరి), దాళ్వా చాలు.

అమెరికా మానసిక వైద్యుడు ఆర్థర్ క్లైన్‌మన్, మరో ఇద్దరు కలిసి 1978లో రోగిని అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఇచ్చారు. ఇది ఎందుకొచ్చిందనుకుంటున్నారు? అప్పుడే ఎందుకు మొదలైందనుకుంటున్నారు? దీని గురించి మీకు అన్నిటికన్నా భయం ఏమిటి? మంచి ప్రశ్నలే. అయితే మొదటిదాన్ని ఉన్నదున్నట్టు అడిగితే మన దగ్గర వచ్చే జవాబు "మాకేం తెలుసండీ, మీరే చెప్పాలి." పరీక్ష పెడుతున్నారనుకుంటారు. నేను దాన్ని తిప్పి అడుగుతాను: "అప్పట్లో ఇంట్లోవాళ్ళు ఏమనేవారు?" అత్తగారన్న మాట, పక్కింటావిడన్న మాట వరసగా వస్తాయి. ఆ వెనకే "నేను మాత్రం..." అని సొంత మాట దొర్లుతుంది. భయం గురించిన ప్రశ్నను చివరిదాకా దాచుకోండి.

ఈ వారం అభ్యాసం. మీ ఇంట్లోనో వీధిలోనో చాలాకాలంగా షుగరున్న ఒకరిని, అనుమతి తీసుకుని, "మొదట ఎలా తెలిసింది?" అని ఒక్కటే అడగండి. పది నిమిషాలు ఇంకో ప్రశ్న వద్దు, "ఊఁ" అనొచ్చు. తర్వాత టేపు విని, మీరు ఎక్కడెక్కడ అడ్డొచ్చారో నిమిషాలతో సహా రాసుకోండి. సలహా ఇచ్చిన చోట రెండు గీతలు గీయండి.

ఆ కాగితం దగ్గరుంచుకోండి, విన్నదాన్ని రాతలో పెట్టే అయిదో పాఠానికి అదే ముడిసరుకు. ఈలోగా "జొరం" అన్నచోట "జ్వరం" అని మాత్రం దిద్దకండి.